ఓటెయ్యని దేవరాజు

పోలింగు బూతులో ఒక పద్ధతి ఉంటుంది. ముందు బల్ల దగ్గర కూచున్న ఆఫీసరు ఓటరు పేరును గదిలో అందరికీ వినపడేట్టు గట్టిగా చదవాలి. పార్టీల ఏజెంట్లు వినాలి. ఈ మనిషి ఆ మనిషి కాదని ఎవరికైనా అనుమానం వస్తే అక్కడే చెప్పాలి. చట్టం రాసిన పెద్దమనుషులు పాపం మంచి ఉద్దేశంతోనే రాశారు. పెద్దముడియం పక్కన జమ్మికొట్టాలలో కూడా ఆ పద్ధతి తు.చ. తప్పకుండా జరిగేది. ఆఫీసరు పేరు చదివేవాడు. మిద్దింటి మనిషి ఒకడు ఆ పేరు మీద కాగితం తీసుకుని ముద్ర గుద్దేవాడు. మళ్లీ ఇంకో పేరు, మళ్లీ అదే మనిషి. అభ్యంతరం చెప్పాల్సిన రెండో పార్టీ ఏజెంటు ఆ రోజు ఊళ్లో ఉండేవాడు కాదు. ఉంటే మర్నాడు ఉండడు కాబట్టి.

మిద్దిల్లంటే ఆ ఊరి రెడ్డి ఇల్లు. ఆయనకు కూడా తల్లీతండ్రీ పెట్టిన పేరొకటి ఉండేది గానీ, దాన్ని పైకి అనే అలవాటు ఊళ్లో ఎవరికీ లేదు. మిద్దింటాయప్ప అనేవాళ్లు. అదైనా గొంతు తగ్గించి. దీవెనమ్మ కొత్త కోడలిగా ఆ ఊరికి వచ్చినప్పుడు అత్త ఆమెకు మొదట నేర్పింది వంటింటి సంగతులు కాదు, ఈ గొంతు తగ్గించడమే.

అట్లాంటి ఊళ్లో దీవెనమ్మకు దొరికిన మొగుడు దేవరాజు. మూడు తరాల కిందట దొరల చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్న కుటుంబం, ఇంటిపేరు మద్దెల. ఎర్రగుంట్ల పక్క గనుల నుంచి నాపరాళ్లు తెప్పించుకుని సమాధుల మీదికి పేర్లు చెక్కేవాడు. ఆ ఏళ్లలో ఆ పనికి కరువు లేదు. ఏ పార్టీ వాడు పోయినా, ఏ కులం వాడు పోయినా రాయి దేవరాజు దగ్గరికే వచ్చేది. చేయి మంచిది. వచ్చిన చిక్కల్లా నోటితోనే. మిద్దింటాయన తండ్రి పోయినప్పుడు, ఆ ఇంటి లెక్కలూ వ్యవహారాలూ చూసే ఓబులేసు వచ్చి పేరు ముందు 'అమరుడు' అని చెక్కమన్నాడు. దేవరాజు ఉలి పక్కన పెట్టి, "మామా, అమరుడంటే సావనోడు గదా. సావనోడికి ఈ రాయి యాలప్పా?" అని అడిగాడు. ఓబులేసు నవ్వాడు. ఇంటి లోపల దీవెనమ్మకు మాత్రం చేతిలో చెంబు జారినంత పనైంది.

ఎనభై మూడులో ఎన్నికలొచ్చాయి. రాష్ట్రమంతా ఏదో మారిపోతోందని రేడియో ఊదరగొడుతుంటే దేవరాజుకు కూడా సంబరం ఎక్కింది. ఉతికిన పంచె కట్టుకుని, తల దువ్వుకుని బూతుకు పోయాడు. గుమ్మంలోనే ఓబులేసు ఆపాడు.

"నీది అయిపోయిందప్పా. పో. ఎండలో యాల నిలబడ్తావు?"

"అయిపోయిందా? ఎవురికేసినా మామా నేను? అదన్నా చెప్పు, ఇంటికి పోతే మా ఆడది అడుగుతాది" అన్నాడు దేవరాజు.

వరుసలో ఉన్నవాళ్లు కిసుక్కుమన్నారు. ఎనభై అయిదులోనూ అదే కథ. ఎనభై తొమ్మిదిలో మూడోసారి పోయి, మూడోసారీ ఎండలోనే వెనక్కి వచ్చాడు. ఈసారి పరాచికాలాడలేదు. వచ్చి గడప మీద కూచుని చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు. మొగుడి నోటికి భయపడటం దీవెనమ్మకు అలవాటే. మొగుడి మౌనానికి భయపడటం ఆమెకు ఆ రోజే మొదలు.

"ఓటు పోతే పోనీ మే. ఒక ఓటుతో మనమేం రాజులమైతామా. నా పేరు వాడుకుంటాండారు. నన్నొక మాట అడగాల్సిన పన్లేదనుకుంటాండారు. అది పడ్తాలేదు నాకు" అన్నాడు.

ఆ మంట లోపలే కొన్నేళ్లు రగిలింది. తొంభై నాలుగు ఎన్నికల ముందు ఒకరోజు, ఏదో రాయి చెక్కుతూ చెక్కుతూ ఉలి దించేసి, తనలో తను నవ్వుకోవడం మొదలుపెట్టాడు. చొక్కా వేసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాడు. అక్కడ కోర్టు వసారాలో మిషను పెట్టుకుని అర్జీలూ అఫిడవిట్లూ టైపు చేసే నూర్ అహ్మద్ ఉన్నాడు. అతని తండ్రి గోరీ రాయి దేవరాజే చెక్కాడు, అప్పటి నుంచి స్నేహం.

"ఇంటిపేరు మార్చుకోవాల నూరన్నా. గెజిట్లో ఎక్కాల. పక్కాగా ఉండాల."

"ఏం పెట్టమంటావు?"

"ఓటెయ్యని."

నూర్ అహ్మద్ వేళ్లు మిషను మీద ఆగిపోయాయి.

"బూతులో పేరు గట్టిగా సదవాల గదా. వాళ్ల నోటితోనే నిజం సెప్పిస్తా. ఓటెయ్యని దేవరాజు అని ఆఫీసరు అరస్తాడు, మిద్దింటోడొకడు వచ్చి నా ఓటేస్తాడు. సర్కారు కాగితమ్మీదే ఎక్కుతాది" అన్నాడు దేవరాజు, కళ్లల్లో నీళ్లొచ్చేట్టు నవ్వుతూ.

నూర్ అహ్మద్ కూడా నవ్వాడు. నవ్వి, ఇటూ అటూ చూసుకుని, "నవ్వొస్తాంది గానీ దేవరాజూ, బయం గూడ అయితాంది" అన్నాడు. అయినా టైపు చేశాడు. పేపర్లో ప్రకటన వేయించాడు, గెజిట్లో ఎక్కించాడు, ఓటర్ల జాబితాలో దిద్దించే దాకా వెంట తిరిగాడు. మండలాఫీసులో గుమాస్తా ఎందుకయ్యా ఈ పేరని అడిగితే, ఉన్నదే చెప్పుకుంటున్నా సార్ అన్నాడట దేవరాజు. ఆ గుమాస్తా పొట్ట పట్టుకుని నవ్వి స్టాంపు గుద్దాడు. ఊరవతల వాళ్లకు ఎప్పుడైనా నవ్వు సులభంగానే వస్తుంది.

దీవెనమ్మ నవ్వలేదు. "ఆ పేరు నాకొద్దు. నీకు పిచ్చి పట్టింటే నువ్వే మోసుకో. నేను మద్దెల దీవెనమ్మనే" అని తెగేసి చెప్పింది. ఆమె కోపంలో భయం ఎంతుందో, భయంలో కోపం ఎంతుందో ఆమెకే తెలీదు. దేవరాజు ఆమెను బలవంతపెట్టలేదు. నున్నటి నాపరాయి ఒకటి ఏరుకుని, 'ఓటెయ్యని దేవరాజు నివాసం' అని తన చేతి పనితనమంతా చూపించి చెక్కి వీధి గోడకు బిగించాడు. దారిన పోయేవాళ్లు ఆగి చదివి, నవ్వబోయి, మిద్దె వైపు ఒకసారి చూసి నడిచిపోయేవాళ్లు.

ఎన్నికల రోజు బూతులో ఆఫీసరు వేరే జిల్లా నుంచి వచ్చిన మేష్టరు. ప్రాణాలతో ఇంటికి పోతే చాలనుకుంటూ తల దించుకుని పేర్లు చదువుతున్నాడు. మిద్దింటి కుర్రాడొకడు అలవాటుగా ముద్రలు గుద్దుతున్నాడు. మేష్టరు అదే ఊపులో, "ఓటెయ్యని దేవరాజు" అని చదివాడు. చదివి ఆగాడు. తప్పు చదివానేమోనని మళ్లీ చదివాడు, ఇంకొంచెం గట్టిగా. మొదట నవ్వింది తలుపు దగ్గర కానిస్టేబులు. ఆ తర్వాత వరుసలో ఆడవాళ్లు, మొగవాళ్లు, ఆఖరికి ముద్రలు గుద్దే కుర్రాడు కూడా నవ్వాడు. నవ్వాక ఏం చెయ్యాలో తెలీక వాడు చేతిలో కాగితంతో అట్లాగే నిలబడిపోయాడు.

"నేనే సార్ అది. పేరు కరెస్టుగా సదివినారు" అన్నాడు గుమ్మంలో నుంచి దేవరాజు.

జమ్మలమడుగు విలేకరి ఒకాయన ఆ పూట అటు రావడం దేవరాజు అదృష్టమో, దురదృష్టమో. మర్నాడు జిల్లా పేజీలో వార్త పడింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో చదువుకుని నవ్వారు. పులివెందుల బస్టాండులో నవ్వారు. మిద్దింటాయన పార్టీ గెలిచింది, మెజారిటీ కూడా తగ్గలేదు. ఊళ్లకు ఊళ్లు తనను చూసి నవ్వడం మాత్రం ఆయన పుట్టి బుద్ధెరిగి ఎరగడు.

దేవరాజు దంపతులకు ఒక్కతే కూతురు, కరుణమ్మ. పులివెందులలో బళ్లో పాఠాలు చెప్పేది. క్రిస్మసుకు ఇంటికొచ్చినప్పుడు, పేపర్లో వార్త చూసి మీ బళ్లో ఏమన్నారని తండ్రి గుచ్చి గుచ్చి అడిగాడు. చివరికి, "మా హెడ్మాస్టరు పేపరు సూసి బాగా నవ్వినాడు నాయనా. తర్వాత తలుపు దగ్గరికేసి, మీ నాయనకు బుద్ధి లేదామ్మా అని అడిగినాడు" అంది.

పండగ అయిన తర్వాత మిద్దె నుంచి పిలుపొచ్చింది. దేవరాజు పోయాడు. దీవెనమ్మ పొయ్యి రాజెయ్యకుండా, వాకిట్లో నిలబడి ఆ దారినే చూస్తూ ఉంది. మొగుడు మామూలుగానే నడిచొచ్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు.

"ఏమన్యాడు?"

"పేరు బాగుండాదన్యాడు. నవ్వినాడు. కూసోమని కాఫీ ఇప్పించినాడు."

"యా గ్లాసులో?"

ఆ ఇంట్లో వీళ్ల కులంవాళ్ల కోసం ఒక గ్లాసు విడిగా వసారా చూరులో దోపి ఉండేది. తాగి, కడిగి, మళ్లీ అక్కడే పెట్టి రావాలి. తాతల నాటి నుంచి అంతే.

"గ్లాసు కాదు మే, కప్పు. సాసరుతో సహా. వాళ్లు తాగేదే" అన్నాడు దేవరాజు. అంటూ ఉండగానే అతని ముఖంలో నవ్వు కొంచెం కొంచెంగా ఆరిపోయింది.

దీవెనమ్మ చూరు కింద కూలబడి ఏడ్చింది. మిద్దింటాయన తిట్టి ఉంటే ఆమె ఆ పూట సుఖంగా అన్నం తినేది. కొట్టించి ఉంటే కట్టు కట్టుకుని ఊరుకునేది. ఆ ఇంటి కప్పులో కాఫీ తాగిన తమ మనిషిని ఆమె తన జన్మలో చూడలేదు. ఇంత మర్యాద చేసిన మనిషి మనసులో ఏముందో ఊహించుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

ఏమిటో ఆ ఎండాకాలంలో తెలిసింది. జమ్మలమడుగు రోడ్డు మీద, పట్టపగలు, అవతలి పార్టీ వాడొకణ్ణి నరికేశారు. నరికింది మిద్దింటాయన అక్క కొడుకని పసిపిల్లలక్కూడా తెలుసు. ఆ ప్రాంతంలో ఇట్లాంటి వాటికి ఒక ఏర్పాటుండేది. చేసినవాడు ఇంట్లోనే ఉంటాడు, పార్టీని నమ్ముకున్న ఇంకొకడు పోయి ఆ నేరం తనదని లొంగిపోతాడు. వాడు లోపలున్నన్నాళ్లూ వాడి ఇంటికి గింజలు పంపుతారు. ఒకరి పేరు మీద ఒకరు ఓటెయ్యడం ఎట్లా అలవాటో, ఒకరి పేరు మీద ఒకరు జైలుకు పోవడమూ అట్లాగే అలవాటు.

ఈసారి మిద్దింటాయన దేవరాజుతో పాటు దీవెనమ్మను కూడా పిలిపించాడు. ఆయన గొంతు పెద్దది చేసే మనిషి కాదు. మంచం మీద కూచుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ మాట్లాడాడు.

"అడక్కుండా నీ పేరు వాడుకున్యామని గదా దేవరాజూ ఊరంతా సాటితివి. తప్పే అది. ఈతూరి అడిగే తీసుకుంటాండా. నీ పేరు నాకియ్యి."

 ఎన్నడూ లేనిది దేవరాజు నోటికి తాళం పడింది.

"వకీలు నావాడు. సాక్షులు రారు. కొన్ని నెల్లకు బయటికొస్తావు" అని, దీవెనమ్మ వైపు తిరిగి, "పాప పులివెందులలో బాగుండాదామ్మా? బడి ఇడిసినంక రూముకు ఒంటిగానే నడిసి పోతాదంట గదా. ఆడపిల్ల. జాగ్రత్త సెప్పండి" అన్నాడు.

ఇంటికొచ్చాక దీవెనమ్మ మొగుడి చొక్కా పట్టుకుని అడిగింది. "సంపినానని నువ్వు ఒప్పుకుంటే అవతలోళ్లు నిన్ను ఇడుస్తారా?"

"ఒప్పుకోకపోతే ఈళ్లు కరుణమ్మను ఇడుస్తారా?"

 ఆమె చొక్కా వదిలేసింది. దేవరాజే మళ్లీ అన్నాడు. "నేను పోతా. పోతే ఈళ్లు కొన్నాళ్లు కుశాలగా ఉంటారు. ఆ సందులో నువ్వు పాపను జిల్లా దాటించు. పాప దాటిందని తెలిసినంక నేను సెప్పాల్సింది సెప్తా."

నూర్ అహ్మద్ చెల్లెలు ఖమర్‌బీ బళ్లారిలో కాపురం ఉండేది. దేవరాజు లొంగిపోయి కడప జైల్లో ఉండగా, అతన్ని కోర్టుకు తెచ్చే రోజు చూసుకుని ఆమె పులివెందులకు వచ్చింది. కరుణమ్మకు తన బురఖా ఒకటి తొడిగింది. దీవెనమ్మ వాళ్లిద్దరి వెంట ఎర్రగుంట్ల దాకా వచ్చి, గుంతకల్లు బండి ఎక్కించింది. బండి కదిలాక కూతురు కిటికీలోంచి ముసుగు ఎత్తి చూడబోతే, వద్దని చెయ్యి ఊపింది. ఆ మొహం ఇంకొక్కసారి చూసుకోవాలని ఆమె ప్రాణం ఎంత కొట్టుకుందో చెప్పలేను. అక్కణ్ణుంచి అట్లాగే ప్రొద్దుటూరు బస్సెక్కింది.

కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి పిలుస్తున్నాడు. "ఓటెయ్యని దేవరాజూ! ఓటెయ్యని దేవరాజూ!" వసారాలో కక్షిదారులు నవ్వారు. బోనులోకి వచ్చిన దేవరాజు చిక్కిపోయాడు. జనంలో దీవెనమ్మను కళ్లతో వెతికి పట్టుకున్నాడు. పాప దాటిందన్నట్టు ఆమె తల ఊపింది.

జడ్జి అభియోగం చదివించి, ఈ నేరం ఒప్పుకుంటున్నావా అని అడిగాడు. దేవరాజు నిటారుగా నిలబడ్డాడు.

"నేను సంపలేదు సార్. నా ఓటేసినట్టే ఇది గూడ నా పేరు మీద ఎవురో చేసినారు."

ఆ గదిలో ఒక్కరూ నవ్వలేదు. మిద్దింటాయన పెట్టిన వకీలు కాగితాలు సర్దుకోవడం ఆపి దేవరాజు వైపు జాలిగా చూశాడు. వెనక బెంచీలో నుంచి ఓబులేసు లేచి, ఏ తొందరా లేకుండా బయటికి నడిచాడు.

విచారణ సాగింది. సాక్షులు ఒక్కొక్కరే వచ్చి, నరికిన మనిషి ఈ మనిషి కాదన్నారు. అది నిజమే. అయినా నిజం చెప్పడానికి వాళ్లనెవరు పంపారో, ఎందుకు పంపారో దీవెనమ్మకు అర్థమైపోయింది. దేవరాజు లోపలుంటే ఎవరికీ అందడు. చివరికి జడ్జి కేసు కొట్టేశాడు. నువ్వు నిర్దోషివి, పోవచ్చు అన్నాడు. దేవరాజు బోను దిగలేదు.

"ఇంకేం?" అన్నాడు జడ్జి.

"ఇంగ కొన్నాళ్లు లోపలే ఉండొచ్చా సార్?"

జడ్జికి అర్థం కాలేదో, అర్థమయ్యే ఊరుకున్నాడో, తర్వాతి కేసు పిలిపించాడు.

బళ్లారి పోదామని మొగుడూ పెళ్లాలు ఆ మధ్యాహ్నమే ఎర్రగుంట్ల చేరారు. స్టేషను వైపు రోడ్డు దాటుతున్నారు. దేవరాజు ఏదో చెప్పి ఆమెను నవ్వించబోతున్నాడు, మాట మొదలుపెట్టాడు కూడా. సిమెంటు లారీ ఒకటి వచ్చింది. ఆ రోడ్డు మీద పొద్దస్తమానం వచ్చే లారీల్లాంటిదే. నంబరు ఉండాల్సిన చోట బురద ఉంది.

ఎస్సై వచ్చి యాక్సిడెంటని రాసుకున్నాడు.

"లారీ మళ్లా ఎనక్కి గూడ వొచ్చింది సార్" అంది దీవెనమ్మ.

ఎస్సై పెన్ను మూత పెట్టేశాడు.

సమాధి రాయి ఎవరు చెక్కుతారు? ఆ చుట్టుపక్కల చెక్కే చేయి అదొక్కటే. దీవెనమ్మ గునపం తీసుకుని, వీధి గోడకున్న రాయిని తనే ఊడదీసి దేవరాజు తల దగ్గర పాతించింది. 'ఓటెయ్యని దేవరాజు నివాసం.' తర్వాత బళ్లారికి, కూతురి దగ్గరికి పోయింది.

తొంభై ఎనిమిదిలో మళ్లీ ఎన్నికలు. కరుణమ్మ కాళ్లా వేళ్లా పడింది, ఖమర్‌బీ తలుపుకు అడ్డం నిలబడింది. దీవెనమ్మ వినలేదు. ఎందుకు పోతున్నావంటే, మీ నాయన రాయి చూసుకోవాల అంది. రాయి చూసుకుంది. దుమ్ము తుడిచింది. అక్కణ్ణుంచి నేరుగా బూతుకు పోయి ఆడవాళ్ల వరుసలో నిలబడింది. ముందున్నవాళ్లు వెనకున్నవాళ్లు ఆమెను గుర్తుపట్టి, పలకరించకుండా కొంగులు తల మీదికి లాక్కున్నారు.

ఆమె గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల ఆఫీసరు చదివాడు. "ఓటెయ్యని దేవరాజు."

మిద్దింటి కుర్రాడు ముందుకొచ్చి కాగితం అందుకున్నాడు. కానిస్టేబులు నేల చూశాడు. ఎవరూ నవ్వలేదు.

"ఆయప్ప నా మొగుడు సార్. సచ్చిపోయినాడు. పోయి సూడండి, రాయి మీద పేరుండాది" అంది దీవెనమ్మ, గొంతు తగ్గించకుండా.

ఆఫీసరు ఏజెంటు బల్ల వైపు చూశాడు. అక్కడ ఓబులేసు, జుట్టు తెల్లబడి, తీరిగ్గా కూచుని ఉన్నాడు. "జాబితాలో ఉండాడు గదా సార్. కానీండి" అన్నాడు. అని, ఆమె వైపు తిరిగి మెత్తగా చెప్పాడు. "నీది గూడ అయిపోయింది దీవెనమ్మా. పో. ఎండలో యాల నిలబడ్తావు?"

దీవెనమ్మ కదల్లేదు. మొగుడి మీద ఇన్నాళ్లూ ఉన్న కోపం, ఆ పేరు నాకొద్దని తను అన్న మాట, లారీ కింద ఆగిపోయిన ఆ చివరి పరాచికం, అన్నీ కలిసి ఒక్క మాటై బయటికొచ్చాయి.

"అట్లయితే పేరు సరిగ్గా రాసుకోండి సార్. మద్దెల దీవెనమ్మ కాదు. ఓటెయ్యని దీవెనమ్మ."

ఆఫీసర్లు, పోలీసులు, వరుసలో జనం అందరూ విన్నారు. ఓబులేసు ఆమె మొహంలోకి చూసి, చిన్నగా నవ్వాడు.

"ఎండన పడి వొచ్చినావు. మిద్దె కాడికి పోయి కాఫీ తాగి పోమ్మా. ఆయప్ప నిన్ను అడుగుతాండాడు."

"కప్పులోనే ఇస్తారా అన్నా?" అని అడిగింది దీవెనమ్మ.

ఓబులేసు తలుపు దగ్గర నిలబడ్డ ఇంకో మిద్దింటి కుర్రాడికి కళ్లతోనే ఏదో చెప్పి, జాబితాలో తర్వాతి పేరు చదవమని ఆఫీసరుకు సైగ చేశాడు.